పక్క సాలు

రెండో తిరుగుడు సగంలో ఉంది. పొద్దున్నే ఆవిరి బానల్లోంచి దింపిన ధాన్యం సిమెంటు కళ్ళం మీద ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. రిబ్కా మడమ నేలకానించి, వేళ్ళు ధాన్యంలోకి దూర్చి, గింజను పక్కకి ఒత్తుకుంటూ నడుస్తోంది. కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. ఈ నడకలో పాదం పైకెత్తకూడదు. ఎత్తితే అడుగు గింజ అడుగునే ఉండి ముక్కిపోతుంది, ఆ ఉప్పుడు బియ్యం కేరళ వాళ్ళు తిప్పి మొహాన కొడతారు. తూర్పు గోడ దగ్గర మొదలుపెట్టి పడమటి గోడ దాకా పోవాలి, తిరిగి రావాలి, గింజ గుప్పిట్లో గలగలమనేదాకా అదే పని. ఒక్కొక్క మనిషి నడిచే మేర ఒక్కొక్క సాలు. ఎవరి సాలు వాళ్ళది. తన సాలులో ఇంకొకరు కాలు పెడితే రిబ్కా ఊరుకోదు.

ఆ మాటకొస్తే ఆమె దేనికీ ఊరుకోదు. పేటలో కుళాయి దగ్గర ఆమె బిందె ముందు ఇంకో బిందె ఉండటానికి వీల్లేదు. ఆదివారం గుళ్ళో వెనక వరసలో కూచుని, ప్రసంగం సాగదీస్తే లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోతుంది. ఎజ్రా పాస్టరుగారు పాపం ఆమె లేచేలోపే ముగించడం అలవాటు చేసుకున్నారు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. ఎముకల మీద చర్మం బిగించినట్టుంటుంది. నెత్తికి గుడ్డ చుట్టుకుని, కుచ్చెళ్ళు పిక్కల పైకి దోపుకుని, ఎవరివంకా చూడకుండా నడుస్తుంది. అంత సన్నటి మనిషికి పాదాలు మాత్రం వెడల్పు. మడమల నిండా పగుళ్ళు, పగుళ్ళ నిండా ఊక. మంచి మనిషి అని రేపల్లెలో రిబ్కాని ఎవరూ అనరు. అనమని ఆమె ఎవరినీ అడగనూ లేదు.

ఆ పొద్దున ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. రోజూ మండేదే. పక్క సాలులో సీతారావమ్మ నడుస్తోంది.

సీతారావమ్మ ఈ మిల్లు యజమాని శివరామయ్య భార్య. ఆ సాలు, మొన్న చలికాలం దాకా, రిబ్కా చెల్లెలు పుష్పలతది. యజమాని భార్య కూలివాళ్ళ పక్కన కాళ్ళతో ధాన్యం కలియబెట్టడమేమిటని తెలియనివాళ్ళు నోరు నొక్కుకుంటారు. తెలిసినవాళ్ళు ఇంకా గట్టిగా నొక్కుకుంటారు.

పోయిన వానాకాలం ఆవిడ మంచమెక్కింది. జ్వరం లేదు, నొప్పి లేదు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, తల దువ్వుకోదు. కిటికీ తలుపులు వేయించుకుని గోడవైపు తిరిగి పడుకుంటే పిలిచినా పలకదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటాయి, ఎందుకేడుస్తున్నావంటే ఆవిడకే తెలియదు. ఇంట్లో చావు లేదు, నష్టం లేదు, మాటా మాటా అనుకున్నది లేదు. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, బాపట్ల నుంచి ఆవిడ అన్నగారు దశరథరామయ్య ఎవరినో తీసుకొచ్చి హోమం చేయించాడు. దేనికీ కదల్లేదు. చివరికి గుంటూరు నుంచి వారానికో రోజు తెనాలి వచ్చి మనసు జబ్బులు చూసే డాక్టరొకాయన ఉన్నాడంటే కారులో తీసుకుపోయారు. ఆయన మాత్రలు రాశాడు. మాత్రలు మానొద్దన్నాడు. మాత్రలతోనే సరిపెట్టుకోవద్దనీ అన్నాడు. రోజూ ఒళ్ళు చెమట పట్టేదాకా నడవాలట. మనసు ఒప్పుకోకపోయినా కాళ్ళు నడవాలట. నాలుగు రోజులు నడిచి నయమైందని మానేస్తే లాభం లేదు, నెలల తరబడి నడవాలి, ఆ వ్యాయామం కూడా ఈ జబ్బుకి మందేనని గట్టిగా చెప్పి పంపాడు.

నడవమని చెప్పడానికి ఒక డాక్టరా అని శివరామయ్యకి నవ్వొచ్చింది. అయినా ఫీజు పుచ్చుకుని చెప్పిన మాట, వదిలేస్తే ఫీజు దండగ. ఎక్కడ నడవాలన్నది తేలలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు రోడ్డు మీద కాలు పెట్టి ఎరగరు, వీధి చివర గుడికైనా కారే. డాబా మీద నడిపిద్దామంటే ఆవిడ పిట్టగోడ దగ్గర ఆగిపోయి కిందికి చూస్తూ నిలబడేసరికి పనిమనిషి ధనమ్మ గుండెలు జారిపోయాయి. మిగిలింది ఇంటి వెనకే ఉన్న మిల్లు కళ్ళం. చుట్టూ గోడ, బయటి కళ్ళు పడవు. కళ్ళం అంచున నడుస్తుంటే బస్తాలు మోసేవాళ్ళకి అడ్డొస్తోందని మేస్త్రి యలమంద గొణిగాడు. అప్పుడు శివరామయ్య బుర్రకి తట్టింది. ఎలాగూ నడుస్తోంది కదా, ఆ నడిచేదేదో సాలులో నడిస్తే ధాన్యమూ ఆరుతుందన్నాడు.

పిసినారితనానికైనా ఒక హద్దుండాలి. యజమాని గీసిన గీతని మేస్త్రి ఇంకో జానెడు పొడిగించాడు. అమ్మగారు ఒక సాలు నడుస్తుంటే ఒక మనిషి ఎక్కువే కదా అన్నాడు. ఆఖర్న చేరిన మనిషి పుష్పలత. మర్నాటి నుంచి రావద్దన్నాడు.

పుష్పలతకి వేరే దారి దొరకలేదు. నూర్పులయిపోయాయి, పొలాల్లో పని లేదు. నిజాంపట్నం పోయి చేపలు ఎండబెట్టే దొడ్లో చేరింది. ఉప్పునీళ్ళకి చేతులు పుళ్ళు పడ్డాయని పోయిన వారం ఎవరితోనో కబురు చేసింది. చేతుల సంగతి రిబ్కా ఎలాగో సహించింది. చెల్లెలు సముద్రం ఒడ్డున గుడిసెలో పడుకుంటోందన్న సంగతే ఆమెకి గొంతులో ముల్లు. గాలి కాస్త గట్టిగా వీచినా పేటలో రిబ్కా లేచి కూచుంటుంది. పుష్పలత మళ్ళీ ఈ గోడల మధ్యకి రావాలి. రావాలంటే పక్క సాలు ఖాళీ కావాలి. ఈ లోకంలో రిబ్కాకి కావలసింది ఆ ఒక్కటే.

"నీ సాలు వంకర పోతోంది, చూసుకో," అంది సీతారావమ్మ.

"నాది కాదండి, మీదే. ఎడమకాలు పైపైనే ఈడుస్తారు మీరు," అంది రిబ్కా తల తిప్పకుండానే.

"నేనా ఈడ్చేది?"

"అటు చూడండి, అడుగు గింజ అడుగునే ఉండిపోయింది."

సీతారావమ్మ వెనక్కి తిరిగి చూసింది. నిజమే. పెదవి బిగించి, వెనక్కి పోయి, వదిలేసిన జాగా మళ్ళీ కలియబెట్టుకుంటూ వచ్చింది. పాత నేత చీర ఒకటి మోకాళ్ళ కిందికి గోచీలా బిగించి కట్టింది. మొహం మీద, మెడ మీద చెమట ధారలు కడుతోంది. తెల్లటి మనిషి, మూడు నెలల ఎండకి చేతులు కమిలిపోయాయి. పడమటి గోడ దగ్గర రిబ్కాని అందుకుంది. తిరుగుళ్ళో దాటింది. రిబ్కా పళ్ళు కొరికి అడుగు పెంచింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కసి తీర్చుకుంటున్నట్టు తూర్పు గోడ దాకా నడిచారు. అవతలి సాళ్ళలో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. యలమంద చూడనట్టు బీడీ వెలిగించుకున్నాడు. ఆ పోటీతో ధాన్యం తొందరగా ఆరుతోంది, అతనికి అంతకంటే ఏం కావాలి.

వచ్చిన కొత్తలో ఆవిడ ఇలా లేదు. ధనమ్మ చెయ్యి పట్టుకుని దింపి వెళ్ళేది. సాలు మధ్యలో ఆగిపోయి అలాగే నిలబడేది. చూపు ఎక్కడుంటుందో తెలియదు. కాళ్ళు కాలుతున్నా తెలిసేది కాదు. పక్కనున్న పాపానికి రిబ్కా "నడవండి" అని కసిరేది. కసిరితే నాలుగడుగులు వేసేది. కొన్నాళ్ళకి ఆవిడ తనంతట తనే నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆగి, దాహంగా ఉందంది. ఇంకోరోజు ఆకలిగా ఉందంది, ఆ మాట ధనమ్మ ఇంట్లోకి పరుగెత్తి చెప్పింది. తరవాత తల దువ్వుకుని రావడం, ఎండ ఎక్కువగా ఉందని విసుక్కోవడం, డ్రైవరు ఆలస్యంగా వచ్చాడని కేకలెయ్యడం. నయమవుతున్నకొద్దీ ఆవిడకి కళ్ళూ నోరూ వచ్చాయి. ఆ కళ్ళతో ఆవిడ మొట్టమొదట చూసింది కూలివాళ్ళ కొంగులు.

సాయంత్రం ఇళ్ళకి పోయేముందు ఆడవాళ్ళు పిడికెడు గింజలు కొంగున కట్టుకోవడం ఆ మిల్లులో అనాదిగా ఉంది. యలమంద అటు తిరుగుతాడు, కట్టుకునేవాళ్ళు ఇటు తిరుగుతారు. సీతారావమ్మకి ఆ మర్యాద తెలియదు. పోయిన వారం అందరి ముందూ రిబ్కాని ఆపి, కొంగు విప్పమంది. రిబ్కా విప్పింది. గింజలు కళ్ళం మీద రాలాయి. "ఇన్నాళ్ళూ ఎన్ని బస్తాలు పట్టుకుపోయి ఉంటావే," అంది ఆవిడ. మంచంలో పడి ఉన్నప్పుడే నయమనుకున్నారు అందరూ. రిబ్కా ఏమీ అనుకోలేదు. ఆ రాలిన గింజల మీదనుంచే నడిచి ఇంటికి పోయింది. ఆవిడని ఆ సాలులోంచి సాగనంపే రోజు వస్తే ఇంత పసుపు రాసి మరీ సాగనంపుతానని పేటలో నలుగురి ముందూ అంది.

మూడో తిరుగుడులో సీతారావమ్మ మళ్ళీ మాట కలిపింది. ఈసారి గొంతులో అధికారం లేదు.

"నీకు ఎప్పుడైనా పొద్దున్నే లేవబుద్ధి కాకపోవడం ఉందా?"

"లేవకపోతే కూలెవరిస్తారండి."

"అది కాదు. కళ్ళు తెరుస్తాం, తెల్లారిందని తెలుస్తుంది. కానీ ఆ తెల్లారింది మనకి కాదనిపిస్తుంది. చెయ్యెత్తాలంటే ఆ చెయ్యి ఇంకొకళ్ళది అనిపిస్తుంది. పోయిన వానాకాలం నుంచి నాకు అలా ఉండేది."

తిని అరక్క, అనుకుంది రిబ్కా. కానీ ఆమె కాలు ఒక్క క్షణం ఆగింది. గింజలో వేళ్ళు ముడుచుకున్నాయి.

ఉప్పెన వచ్చిన ఏడు రిబ్కా పాతికేళ్ళ పిల్ల. పుట్టిల్లు సముద్రం ఒడ్డు పల్లె. ఆమెకి జ్వరంగా ఉండి పోలేకపోతే, పెనిమిటి మార్కు రెండేళ్ళ కూతుర్ని భుజాన కూచోబెట్టుకుని అత్తమామలకి చూపించుకొస్తానని పోయాడు. మర్నాడు నీళ్ళొచ్చాయి. పోయినవాళ్ళు తిరిగి రాలేదు, వెళ్ళిన ఊరే లేదు. ఆ ఇంట్లో మిగిలింది తాటిచెట్టు కరుచుకుని తెల్లారేదాకా వేలాడిన పుష్పలత ఒక్కతే.

రిబ్కా చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. మొదట్లో అందరూ ఏడుస్తోందన్నారు. ఆ తరవాత ఏడవడం కూడా మానేసింది. దానికి పేరేమిటో పేటలో ఎవరికీ తెలియదు. ప్రార్థన కూటాలు పెట్టారు, నూనె రాశారు, దేవుడి మీద అలిగిందన్నారు. అత్త మార్తమ్మ మాత్రం మొండి మనిషి. కొడుకూ మనవరాలూ పోయిన మంట ఆమెకీ ఉంది. ఒకనాటి పొద్దున కోడలి జుట్టు పట్టుకుని లేపి, వీధంతా ఈడ్చుకుంటూ ఈ మిల్లుకే తీసుకొచ్చింది. తన కొంగూ కోడలి కొంగూ కలిపి ముడి వేసి సాలులోకి దింపింది. రిబ్కా కూలబడితే మార్తమ్మా పడుతుంది. లేస్తుంది, బూతులు తిడుతుంది, ముడి పట్టి లాగుతుంది, నడిపిస్తుంది. ఇద్దరూ ఒక సాలు, ఇద్దరికీ కలిపి ఒకరి కూలి. అలా ఎన్నాళ్ళు నడిచిందో రిబ్కాకి గుర్తులేదు. ఒక మధ్యాహ్నం మాత్రం గుర్తుంది. ఎండ నెత్తి మీద ఉంది, చెమట కళ్ళలోకి కారుతోంది, ఉన్నట్టుండి ఆకలేసింది. మొగుడూ బిడ్డా పోయిన దానికి ఆకలేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తింది. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మర్నాడు సాలులోకి దిగుతూనే, ఈ ముడేంటి ముండా అని అత్తని తిట్టింది. తిట్టిన రోజునే నా కోడలు బతికిందని మార్తమ్మ పేటంతా చెప్పుకుని తిరిగింది. అత్త కన్నుమూసేదాకా రిబ్కా ఆమెతో ఒక మంచి మాట ఆడలేదు. కానీ ఆనాటినుంచి ఈనాటిదాకా, ముసురు పట్టి మిల్లు ఆగిన రోజుల్లో, ఆమె పేట చివరనుంచి రైలుకట్ట దాకా ఊరికే పోయి వస్తుంటుంది. ఎందుకు పోతున్నావని అడిగినవాళ్ళకి తిట్లు తినిపిస్తుంది. పోకపోతే ఆ గోడ మళ్ళీ తనవైపు తిరుగుతుందని ఆమెకి తెలుసు.

ఇదంతా పక్క సాలులో ఉన్నావిడకి చెప్పే మాటలా? ఆవిడకొస్తే జబ్బు. కారూ, తెనాలి డాక్టరూ. తనకొస్తే దేవుడి మీద అలక. రిబ్కా కాలు మళ్ళీ కదిలింది, ముందుకంటే విసురుగా.

మధ్యాహ్నం అన్నాలవేళ ఆడవాళ్ళు బాయిలరు గోడ నీడన చేరి గిన్నెలు విప్పుకున్నారు. సీతారావమ్మ ఇంట్లోకి పోలేదు. ఇంకొక్క తిరుగుడు అయ్యాక వస్తానని ధనమ్మని పంపేసింది. నడినెత్తి ఎండలో కళ్ళం మీద ఆవిడ ఒక్కతే నడుస్తోంది. ఏదో కూనిరాగం తీస్తోంది కూడా. పచ్చిపులుసు కలుపుకుంటున్న రిబ్కా అటే చూస్తోంది. ఆ నడకలో ఈడ్పు పోయింది. వీపు నిటారుగా ఉంది. బాగానే బతికింది ముండ, అనుకుంది రిబ్కా, అనుకున్నందుకు చిరాకు పడి ముద్ద గబగబా మింగింది.

అప్పుడే ఇంటి వెనక వసారాలోకి దశరథరామయ్య వచ్చాడు. బాపట్ల నుంచి పొద్దున బయల్దేరి, కారు వీధిలో ఆపి, చెల్లెలెక్కడని అడుగుతూ లోపలనుంచి నేరుగా నడిచి వచ్చాడు. మడత నలగని పంచె, చేతిలో పళ్ళ సంచి. వెనకే శివరామయ్య, దొంగతనం బయటపడ్డవాడిలా. పెద్దాయన వసారా అంచున నిలబడి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళం మీద నడుస్తున్న మనిషి ఎవరా అని చూశాడు. పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఆ తరవాత సంచి కింద పెట్టేశాడు.

"ఏంటి బావా ఇది?"

డాక్టరు నడవమన్నాడని, ఎక్కడో అక్కడ నడవాలి కదా అని, సాలులోకి ఆవిడే దిగిందని, తను వద్దంటూనే ఉన్నానని శివరామయ్య చెప్పుకొచ్చాడు. ఆ చివరి రెండు మాటలూ అబద్ధమని కళ్ళం మీద ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. బాయిలరు గోడ దగ్గర నమలడం ఆగిపోయింది.

దశరథరామయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే తూచి వదిలాడు. చెల్లెల్ని ఇచ్చింది ఆరబెట్టే పనికి కాదన్నాడు. పేటవాళ్ళ పక్కన, వాళ్ళతో సమానంగా, పిక్కలు కనపడేలా చీర కట్టి నడుస్తోందని ఎవరో చూసి బాపట్ల బజారులో చెబితే తను నమ్మలేదన్నాడు. ఎవరు చెప్పారో చెప్పలేదు. ఇప్పుడే తీసుకుపోతున్నానన్నాడు. సీతారావమ్మ సాలు మధ్యలో నిలబడి అంతా విన్నది.

"నాకు బాగుంది అన్నయ్యా. నిద్ర పడుతోంది. అన్నం తింటున్నాను," అంది.

"బాగుంటే ఇంక నడవడమెందుకమ్మా? నయమైపోయిందిగా. మా ఇంట్లో నాలుగు నెలలు కాలు కింద పెట్టకుండా విశ్రాంతి తీసుకో."

"మానేస్తే మళ్ళీ వస్తుంది. డాక్టరు చెప్పాడు."

"మళ్ళీ వచ్చేదైతే నయమైనట్టెలా? ఈ నడకవల్ల ఒరిగిందేంటి?"

నయమైందంటే నడక అక్కర్లేదు, కాలేదంటే నడక పనికిరాలేదు. ఎటు తిరిగినా గోడే. సీతారావమ్మ మొగుడివైపు చూసింది. శివరామయ్య దూరంగా బస్తాల లెక్క చూసుకుంటున్నవాడిలా మొహం పెట్టాడు. యలమంద బీడీ చెప్పు కింద నలుపుతున్నాడు. చూసి చూసి ఆవిడ చూపు బాయిలరు గోడ దగ్గరికి వచ్చి ఆగింది. ఇన్నాళ్ళూ ఏమే, ఒసే తప్ప ఇంకో పిలుపు లేని నోటితో, పేరు పెట్టి పిలిచింది.

"రిబ్కా, నువ్వు చెప్పు. ఈ సాల్లోకి వచ్చినప్పుడు ఎలా ఉన్నాను, ఇప్పుడెలా ఉన్నాను. నా పక్కన నడిచినదానివి నువ్వొక్కదానివే."

రిబ్కా లేచి నిలబడింది. ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టుకుంది. పెద్దాయన ఆమెని ఎగాదిగా చూశాడు, చెప్పమన్నట్టు కాస్త తలాడించాడు. ఇలాంటివాళ్ళు అడగడమే అరుదు, అడిగినప్పుడు చెబితే వింటారేమో కూడా. చెప్పవలసింది రిబ్కా నాలిక చివరే ఉంది. చచ్చిపోయి వచ్చిందండి, కాళ్ళు నడిచి నడిచి బతికిందండి, ఇప్పుడు ఆపితే మళ్ళీ చస్తుందండి. అంతే. ఈ మాట ఆ కళ్ళం మీద చెప్పగలిగింది ఆమె ఒక్కతే. దానితోపాటే, పక్కపక్కనే, ఉప్పుకి పగిలిన పుష్పలత చేతులు, గుడిసె, గుడిసె వెనక సముద్రం. విప్పించిన కొంగు. రాలిన గింజలు.

"మాకేం తెలుసండి," అంది. "తలొంచుకుని మా సాలు మేం నడుస్తాం. అమ్మగారి సంగతి మాకు తెలవదండి."

పెద్దాయన ఇంకేముందన్నట్టు బావ వంక చూశాడు. సీతారావమ్మ రిబ్కానే చూస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకుంది రిబ్కా. తిట్టించుకోడానికి సిద్ధంగా ఉంది, తిరిగి రెండు అనడానికీ సిద్ధంగా ఉంది. ఆవిడ తిట్టలేదు. కళ్ళలో ఏదో దీపం తగ్గించినట్టు తగ్గింది. ఒక పాదాన్ని ధాన్యంలోంచి పైకెత్తింది, తరవాత రెండోది, అలా ఎత్తెత్తి వేసుకుంటూ సాలుకి అడ్డంపడి వసారా వైపు నడిచి వెళ్ళింది.

వసారా మెట్ల దగ్గర ధనమ్మ ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోసింది. పెద్దాయన తొందరపెడుతున్నాడు, దుర్ముహూర్తం రాకముందే పొలిమేర దాటాలట. లోపల పెట్టె మూత చప్పుడు, తలుపు చప్పుడు, వీధిలో కారు తలుపు చప్పుడు. ఆడవాళ్ళు గిన్నెలు కడుక్కుని సాళ్ళలోకి దిగేసరికి కారు బాపట్ల దారి పట్టింది. ఎవరూ ఏడవలేదు. ఏడిచేవాళ్ళెవరూ లేరు.

సగంలో ఆగిన సాలు అలాగే ఉంది. ఎండకి పైగింజ పెళుసెక్కుతోంది, అడుగుది పచ్చిగా ఉంది. ఇంకాసేపు వదిలేస్తే నూకవుతుందని యలమంద అరిచాడు. రిబ్కా తన సాలు వదిలి ఆ సాలులోకి దిగింది. ఆవిడ అడుగులు ఆగినచోట తన అడుగు మొదలుపెట్టింది. రెండు సాళ్ళూ తనే నడిచింది, ఒకటి పోతూ, ఒకటి వస్తూ. పక్కన పోటీకి మనిషి లేదు. ఎడమకాలు ఈడుస్తున్నారని దెప్పడానికి ఎవరూ లేరు. కాళ్ళు బరువెక్కాయి.

యలమంద దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, మీ చెల్లెల్ని రేపట్నుంచి రమ్మను అన్నాడు. అయ్యగారితో నేను చెప్పానులే అని, చేసిన మేలుకి ఇంత మెచ్చుకోలు ఆశించి నిలబడ్డాడు. చలికాలం నుంచి రిబ్కా ఎదురుచూసిన మాట అది. వినగానే కడుపు నిండుతుందనుకుంది. నిండలేదు. ఒకసారి తలాడించి నడుస్తూ పోయింది. ఆమెకి యలమంద మీద కోపమొచ్చింది, నలుగురిలో పేరు పెట్టి పిలిచి అడిగినందుకు సీతారావమ్మ మీద కోపమొచ్చింది, కొంగు ముడేసి నడిపించిన మార్తమ్మ మీద, చచ్చి ఇన్నేళ్ళయ్యాక, మళ్ళీ కోపమొచ్చింది. ఆ కోపాలన్నీ ఒక్కొక్కటే చల్లారిపోయాక అడుగున సిగ్గు మిగిలింది. ఉన్న మాట ఒక్కటి, తనకి మాత్రమే తెలిసిన మాట, అడిగి మరీ అడిగితే దాచింది. చెల్లెలి కోసమే దాచింది, మళ్ళీ అడిగినా దాస్తుంది. అందుకే ఆ సిగ్గు పోయే దారి లేదు.

పొద్దు వాలింది. ఆరిన ధాన్యాన్ని పలకలతో నెట్టి కుప్ప చేసి, పట్టాలు కప్పారు. ఆడవాళ్ళు ఒకరి వంక ఒకరు చూసుకుని, చాలా రోజుల తరవాత, కొంగులకి పిడికెడు పిడికెడు గింజలు కట్టుకున్నారు. యలమంద అటు తిరిగాడు. రిబ్కా కట్టుకోలేదు. నిజాంపట్నం బస్సు అందుకోవాలని, దగ్గరి దారిన వసారా పక్క సందులోంచి బయల్దేరింది. ఇంట్లో దీపం వెలిగించారు గానీ మాట వినపడటం లేదు. సందు మొదట్లో, మెట్ల పక్కన, ఆమె నడక నెమ్మదించింది.

కాళ్ళు కడుక్కునే రాయి ఆరిపోయింది. సీతారావమ్మ పాదాల నుంచి జారిన గింజలు, వేళ్ళ సందుల్లోవి, మడమ పగుళ్ళలోవి, పిడికెడు కూడా ఉండవు, ఎవరూ చిమ్మక ఆ రాతిని కరుచుకుని అలాగే ఉన్నాయి.